పిల్లలకు టాన్సిల్స్ ఆపరేషనా? రెండో వారం ఏమరకండి

బడి మానాల్సి రాకూడదని చాలామంది ఈ ఆపరేషన్‌ని వేసవి సెలవులకే పెట్టుకుంటారు. మంచిదే. కానీ మన విజయవాడ, గుంటూరుల్లో మే నెలంటే మండే ఎండ, ఇంటింటా ఆవకాయ, వరసగా పెళ్లిళ్లు. గొంతులో పచ్చిపుండు ఉన్న పిల్లలకు ఈ మూడూ పడవు. ఇవన్నీ చూసుకునే తేదీ ఖాయం చేసుకోండి.

పిల్లలకు అబద్ధం చెప్పి తీసుకెళ్లొద్దు. "ఐస్‌క్రీమ్ కొనిపెడతా రా" అని హాస్పిటల్లో దింపితే తర్వాత మందు వేయబోయినా నమ్మరు. నిద్ర మందు ఇస్తారు, కోసేది తెలియదు, లేచాక గొంతు బాగా నొప్పెడుతుంది, అమ్మ పక్కనే ఉంటుంది అని ఉన్నదున్నట్టు చెప్పండి. పిల్లలు మనం అనుకున్నదానికంటే ధైర్యంగా ఉంటారు.

దగ్గు, జ్వరం ఉంటే డాక్టరు దగ్గర దాచొద్దు. వాయిదా పడినా నష్టం లేదు. దెబ్బ తగిలితే రక్తం త్వరగా ఆగకపోవడం ఇంట్లో ఎవరికున్నా చెప్పాలి. కదిలే పాలపన్ను ఉంటే అదీ చెప్పాలి. వెండి మొలతాడు, తాయెత్తు ఇంట్లోనే తీసేయండి.

ఆపరేషన్‌కి 6 గంటల ముందు నుంచి తిండి, పాలు, గంజి ఏవీ వద్దు. మంచినీళ్లు మామూలుగా 2 గంటల ముందు వరకు ఇవ్వనిస్తారు, కానీ మత్తు డాక్టరు చెప్పిన టైమే లెక్క. ఈ సంగతి అమ్మమ్మకి, నాయనమ్మకి ముందే గట్టిగా చెప్పండి. ఆకలికి ఏడుస్తున్నాడని ఒక్క బిస్కెట్ పెట్టినా, మత్తులో వాంతయితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పొరపాటున పెడితే వెంటనే చెప్పేయండి, ఎవరూ తిట్టరు.

ఇంటికొచ్చాక అసలు పని నీళ్లు తాగించడమే. నొప్పికి భయపడి పిల్లలు మింగరు, మింగకపోతే గొంతు ఎండి నొప్పి ఇంకా పెరుగుతుంది. గంటగంటకూ రెండు మూడు గుక్కలైనా పట్టించండి. మంచినీళ్లు, పల్చటి మజ్జిగ, కొబ్బరినీళ్లు ఏవైనా సరే. చల్లటివి ఇస్తే జలుబు చేస్తుందని పెద్దవాళ్లు అడ్డుపడతారు గానీ, ఇప్పుడు చల్లదనం గొంతుకి హాయి. పుచ్చకాయ రసం, రోజ్ మిల్క్ మాత్రం వద్దు, వాంతయితే రక్తమో రంగో తెలియదు. మెత్తటి పెరుగన్నం, నానబెట్టిన ఇడ్లీ పెట్టండి. గోంగూర, నిమ్మరసం, జంతికలు కొన్నాళ్లు ఆపండి. ఒంటేలు బాగా తగ్గినా, ముదురు రంగులో వస్తున్నా డాక్టరుకి ఫోన్ చేయండి.

నొప్పి మందు ఏడ్చాక కాదు, టైము ప్రకారం వేయాలి. పొద్దున్న లేవగానే మందు వేసి అరగంట ఆగి టిఫిన్ పెడితే మింగగలుగుతారు. సీసా మీద అంకె చూడండి. పారాసెటమాల్ సిరప్ 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉన్నదీ దొరుకుతుంది, 250 మి.గ్రా. ఉన్నదీ దొరుకుతుంది. షాపులో రెండోది ఇచ్చి, మనం పాత కొలతే పోస్తే మోతాదు రెట్టింపవుతుంది. ఆస్పిరిన్ అసలు వద్దు.

గొంతులో తెల్లటి పొర, నోటి వాసన, చెవిపోటు కనిపిస్తే టెన్షన్ పడొద్దు, అవి మామూలే. ఆ పొరని గీకడం, పసుపు తేనె పూయడం చేయకండి.

అందరూ ఏమరేది 5 నుంచి 10 రోజుల మధ్య. పిల్లలు లేచి ఆడుతుంటారు, మనం తేలికపడతాం. సరిగ్గా అప్పుడే పొర ఊడుతుంది, రక్తం పడే భయం ఎక్కువ. రాత్రి నిద్రలో పదేపదే గుటకలు వేస్తుంటే లేపి, టార్చ్ వేసి నోట్లో చూడండి. ఎర్రటి రక్తం కనిపిస్తే కూర్చోబెట్టి ముందుకు వంచి, మింగకుండా ఉమ్మించండి. తిండీ నీళ్లూ ఆపి వెంటనే హాస్పిటల్‌కి వెళ్లండి. ఆగకుండా పడుతుంటే 108కి ఫోన్ చేయండి. ఆగిపోయినా సరే, ఇంట్లో ఉండిపోవద్దు, మళ్లీ మొదలవ్వొచ్చు.

అందుకే పల్నాడు పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఈ రెండు వారాలు టౌన్లో చుట్టాలింట్లో ఉండగలిగితే మంచిది. పెళ్లి ప్రయాణాలు, క్రికెట్, ఈత అప్పటిదాకా ఆపండి. ఇంట్లో ఆవకాయ కారం కలిపే రోజు పిల్లల్ని ఆ ఘాటుకి దూరంగా, మేడ మీదకో పక్కింటికో పంపించండి. ఆ దగ్గు ఇప్పుడు గొంతుకి మంచిది కాదు.