కీమోకి ముందే రక్తం సంగతి తేల్చుకోండి

క్యాన్సర్‌కి కీమో అన్నాక నీరసం మామూలే అని రోగీ సర్దుకుపోతారు, ఇంట్లోవాళ్లూ సర్దిచెబుతారు. రక్తహీనత ముదిరేది అలాగే. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. అందుకే రక్తకణాలు తయారయ్యే ఎముక మజ్జను కీమో మందు దెబ్బతీసినా హిమోగ్లోబిన్ చాలామందిలో ఒక్కసారిగా పడిపోదు, సైకిల్ (ఒక విడత కీమో) తర్వాత సైకిల్ కొద్దికొద్దిగా దిగుతుంది. మొదటి సైకిల్‌కి ముందు చేయించిన రిపోర్టు దాచి, తర్వాతి ప్రతి రిపోర్టునూ దాని పక్కన పెట్టి చూడండి. హిమోగ్లోబిన్ మగవాళ్లకు డెసిలీటరుకు 13, ఆడవాళ్లకు 12 గ్రాముల కన్నా తక్కువుంటే రక్తహీనతే. అంకెతో పాటు మనిషినీ గమనించాలి: నిన్నటిదాకా ఆగకుండా ఎక్కిన మెట్ల మీద సగంలో కూర్చుండిపోతున్నారంటే ఆ మాట డాక్టరుకు చెప్పాల్సిందే.

రక్తం తక్కువ అనగానే ఐరన్ మాత్రలు కొనేయడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. దయచేసి ఆగండి. క్యాన్సర్ వల్ల ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు లాంటి ప్రతిచర్య) ఉంటే హెప్సిడిన్ అనే హార్మోను పెరుగుతుంది. అది ఇనుమును నిల్వల్లోంచి బయటికి రానివ్వదు, మింగిన మాత్రనూ సరిగా ఒంటబట్టనివ్వదు. పైగా ఇన్‌ఫ్లమేషన్‌లో ఇనుము నిల్వల్ని సూచించే ఫెరిటిన్ కూడా పెరుగుతుంది కాబట్టి, ఆ ఒక్క పరీక్ష నార్మల్‌గా వచ్చిందని ఇనుము సరిపడా ఉందనుకోలేం. రక్తంలో ఇనుమును మోసే ప్రొటీన్ ఎంతవరకు నిండి ఉందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ కూడా చూశారా అని అడగండి. రక్తహీనతకు వేరే కారణాలూ ఉండొచ్చు: కణితి నుంచి రక్తం పోతుండొచ్చు, బి12 గానీ ఫోలేట్ గానీ తగ్గి ఉండొచ్చు, సిస్‌ప్లాటిన్ లాంటి కీమో మందుతో కిడ్నీలు దెబ్బతిని ఉండొచ్చు. కారణాన్ని బట్టే మందు. ఇనుము లోపమేనని తేలినా మాత్రలు పడనివాళ్లకు సెలైన్‌లా నరానికి ఎక్కించే ఐరన్ ఉంది.

ఎర్ర రక్తకణాల తయారీని పెంచే ఎరిత్రోపోయెటిన్ ఇంజెక్షన్లు ఫలానావాళ్లకు పనిచేశాయట అని పట్టుబట్టకండి. వాటివల్ల రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదం పెరుగుతుంది. క్యాన్సర్‌ను పూర్తిగా నయం చేయడానికి ఇచ్చే కీమోలో సాధారణంగా వాటిని వాడరు.

హిమోగ్లోబిన్ 7, 8 దగ్గరికి వచ్చినా, అంతకన్నా ముందే ఆయాసం ఎక్కువైనా రక్తం ఎక్కిస్తారు. ఒక యూనిట్‌కి పెద్దవాళ్లలో సుమారు 1 గ్రాము పెరుగుతుంది. ఎక్కిస్తుండగా చలి, వణుకు, నడుంనొప్పి, ఊపిరాడకపోవడం, ఒంటిమీద దద్దుర్లు, వీటిలో ఏది కనిపించినా వెంటనే నర్సును పిలవండి. మొదటి 15 నిమిషాలు పక్కనే ఒకరు కూర్చుంటే మంచిది.

ఐరన్ వాడితే మలం నల్లబడటం మామూలే. తారులా జిగటగా, దుర్వాసనతో వస్తే మాత్రం లోపల రక్తం పోతోందని అనుమానించాలి. అలా వచ్చినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా, ఛాతీ నొప్పి పుట్టినా, స్పృహ తప్పినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.