పూరీ బజారులో బేరానికి ముందు

దీపావళి వెళ్ళిందంటే శ్రీకాకుళం, ఆమదాలవలస, టెక్కలి నుంచి పూరీకి యాత్ర బస్సులు మొదలవుతాయి. పూరీ, కోణార్క్, భువనేశ్వర్, దారిలో పిపిలి. తిరుపతి-పూరీ ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్ళు వేరే. తిరిగొచ్చాక ఇంటింటా ఒకటే మాట: "పన్నెండొందలు చెప్పేడు, నాలుగొందలకి దింపేను!"

మా పెద్దమ్మ ఓసారి బీచ్‌లో అలాగే ముత్యాల దండ కొంది. వారం రోజులు వీధంతా చూపించింది. మాఘమాసంలో ఓ పెళ్ళికి వేసుకెళ్తే చెమటకి పై పొర ఊడి మెడంతా మెరుపు పొడి అంటుకుంది, లోపల తెల్లటి ప్లాస్టిక్ పూస బయటపడింది. బేరం ఆవిడ బాగానే ఆడింది. ఆడింది ముత్యానికి కాదు, అంతే. కాబట్టి ధర సంగతి తర్వాత, ముందు సరుకు చూడండి. ముత్యమైతే పంటి అంచుకి మెల్లగా రాయండి. అసలుది సన్నటి ఇసుకలా గరగరమంటుంది, ప్లాస్టిక్ జారిపోతుంది. అమ్మేవాడు ఏమనుకుంటాడో అని మొహమాటపడకండి.

ఎప్పుడు వెళ్తున్నారన్నది కూడా లెక్కే. ఒడిశా వాళ్ళ కార్తీకం పున్నమితో ముగిసిపోతుంది, మనది దీపావళి మర్నాడు మొదలవుతుంది. ఏకాదశి నుంచి పున్నమి దాకా ఐదు రోజులు వాళ్ళకి పంచుక, పూరీలో కాలు పెట్టడానికి చోటుండదు. ఆ రద్దీలో మీరు కాకపోతే ఇంకొకరు కొంటారని దుకాణదారుకి తెలుసు, ధర దిగడు. పున్నమి దాటాక వెళ్తే మనకింకా కార్తీకమే, అక్కడ మాత్రం జనం పలచబడతారు. యాత్ర బస్సు తేదీ మీ చేతిలో ఉంటే రెండో పక్షానికి పెట్టించండి.

పూరీ బీచ్ ఒడ్డున స్వర్గద్వారం దగ్గర బజారు సాయంత్రం నిండుతుంది. అప్పుడు చీరలు మాత్రం కొనకండి. దీపాల కింద ప్రతి చీరా బాగుంటుంది. పగలు వెళ్ళండి, చీర కొంగు తిప్పి వెనక వైపు చూడండి. ఒడిశా సంబల్‌పురి చీరల్లో నూలుకి ముందే ముడులు కట్టి రంగులద్ది, ఆ తర్వాత నేస్తారు, మన పోచంపల్లిలో లాగే. అందుకే రెండు వైపులా రంగు ఒకే చిక్కదనంలో ఉంటుంది. వెనక వెలిసినట్టుంటే అది అచ్చు వేసిన గుడ్డ. పువ్వు అంచు స్కేలు పెట్టి గీసినట్టుంటే కూడా అనుమానించాలి. నేతలో అంచు కాస్త చెదిరి, ఈకలా ఉంటుంది. చీర పక్క అంచు వెంట సన్నటి సూది రంధ్రాలు కనిపిస్తే చేమగ్గం మీద నేసిందనుకోవచ్చు. పొందూరు ఖద్దరు తడిమి పెరిగిన చేతులు మనవి, గుడ్డ సంగతి వేళ్ళకే తెలిసిపోతుంది. తొందరలో వేళ్ళ మాట వినం గానీ.

ఆ తొందర ఎక్కడ పుడుతుందంటే, బస్సు హారన్ దగ్గర. "ఇరవై నిమిషాలే" అని డ్రైవర్ ఏ దుకాణం ముందు ఆపితే అందరూ అందులోకే దిగుతారు. అక్కడ కమిషన్ ఉండొచ్చు, అది మీ ధరలోనే కలుస్తుంది. ఆటో తనంతట తాను "మంచి షాపు చూపిస్తా" అన్నా ఇదే కథ. భువనేశ్వర్‌లో బొయనికా, ఉత్కళిక అనే సహకార సంఘాల దుకాణాలు ఉన్నాయి, మొదటిది చేనేతకి, రెండోది హస్తకళలకి. ముందు అక్కడ ధరల చీటీలు చదువుకుని వస్తే బజారులో ఎంత చెప్పినా కంగారుపడరు. సగానికి అడగాలన్న సూత్రం వాళ్ళకీ తెలుసు, అందుకే ముందే నాలుగింతలు చెబుతారు.

పటచిత్రాలకి పూరీ దగ్గరున్న రఘురాజ్‌పూర్ వెళ్ళగలిగితే గీసేవాళ్ళ ఇళ్ళలోనే కొనుక్కోవచ్చు. చింతగింజల జిగురు, సుద్దపొడి పట్టించిన గుడ్డ మీద గీస్తారు. ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూడండి. కుంచె గీత సాఫీగా సాగుతుంది, అచ్చు బొమ్మ చిన్న చిన్న చుక్కలుగా విడిపోతుంది.

గవ్వల దుకాణాల్లో ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. పూజకి తెచ్చుకునే మామూలు శంఖానికి ఇబ్బంది లేదు. పగడపు దిబ్బల ముక్కలు, నాటిలస్ అనే సముద్రజీవి గుల్లలు, తాబేలు చిప్పతో చేసినవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నిషేధం. అమ్మినవాడికే కాదు, దగ్గర పెట్టుకున్నవాళ్ళకీ కేసే. షోకేసులోకి బాగుంటుందని సంచిలో వేసుకోకండి.

బేరం ఒడియాలో మొదలెడితే కొంచెం మెత్తబడతారు. "ఎయిటా కేతే?" అంటే ఇదెంత అని, "టికే కొమొ కొరొంతు" అంటే కొంచెం తగ్గించండి అని. ఒడిశా సరిహద్దున ఉన్న ఇచ్ఛాపురం వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. బీచ్‌లో స్నానాలకి చెయ్యి పట్టుకునే నోలియాల్లో చాలామంది పూరీలోని జాలరిపేట పెంటకటా వాళ్ళు, వాళ్ళ తాతలు మన తీరం నుంచి వెళ్ళినవాళ్ళే. "ఏ ఊరు మామా మీది?" అని అడిగి చూడండి, తెలుగులోనే జవాబొస్తుంది. ఎంతివ్వాలో నీళ్ళలో దిగకముందే తేల్చుకోండి, చుట్టరికం కలిసినా సరే. ఒంటె, గుర్రం ఎక్కే ముందూ అంతే. ఫొటోగ్రాఫర్‌తో ఎన్ని ఫొటోలో, ఒక్కోటి ఎంతో ముందే అనుకోకపోతే ముప్పై తీసేసి అన్నీ కొనమంటాడు. చేపలు, రొయ్యలు వేయించే బళ్ళ దగ్గర ముక్కకా ప్లేటుకా అన్నది నూనెలో వెయ్యకముందే అడగండి.

ఖాజాలు కొనేటప్పుడు బుట్టతో కలిపి తూయనివ్వకండి. ఒకటి విరిచి వాసన చూస్తే నూనె పాతదో కాదో తెలిసిపోతుంది.

డబ్బు ఫోన్‌లో కొట్టేటప్పుడు తెర మీద వచ్చిన పేరు చదివి, ఇది మీదేనా అని అడగండి. "ఎక్కువొచ్చింది, తిరిగి పంపుతా, పిన్ కొట్టండి" అంటే మాత్రం కొట్టకండి. మనకి డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. డబ్బు పోయిందని తెలిస్తే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చెయ్యాలి.

ఇక జీడిపప్పు. బీచ్‌లో ప్యాకెట్లు ముఖం మీదకి తెచ్చి మరీ అమ్ముతారు, మనవాళ్ళు కొంటారు కూడా! తిరుగు దారిలో పలాస ఉందిగా. అక్కడైనా గ్రేడ్ అడిగి తీసుకోండి. 240, 320 అంటే పౌండుకి (సుమారు 450 గ్రాములకి) ఎన్ని పప్పులు తూగుతాయో ఆ లెక్క. నంబరు పెరిగేకొద్దీ పప్పు చిన్నది.