జనం చందాలతో ఒక కళాఖండాన్ని మ్యూజియానికి చేర్చడం ఎలా?

1962లో లండన్‌లోని రాయల్ అకాడమీ తన దగ్గరున్న లియొనార్డో డావిన్చీ బొమ్మను అమ్మకానికి పెట్టింది. ఎనిమిది కాగితాలు అతికించి, బొగ్గుతోనూ సుద్దతోనూ మేరీమాతను, ఆమె తల్లిని, ఇద్దరు పసివాళ్ళను గీసిన పెద్ద చిత్రం అది. అది దేశం దాటిపోతుందని చాలామంది భయపడ్డారు. 1903 నుంచి మ్యూజియంల కోసం చందాలు పోగుచేస్తున్న ఒక సంస్థ, ఇప్పటి ఆర్ట్ ఫండ్, 8 లక్షల పౌండ్ల కోసం జనం ముందుకు వచ్చింది. బొమ్మను నేషనల్ గ్యాలరీలో నాలుగు నెలలకు పైగా ఉంచారు. రెండున్నర లక్షల మందికి పైగా వచ్చి చూశారు, చాలామంది తోచినంత ఇచ్చి వెళ్ళారు. ప్రభుత్వం కూడా ఒక చెయ్యి వేసింది. ఆ బొమ్మ ఈనాటికీ ఆ గ్యాలరీదే.

ఇదే పని మన జిల్లాలో చిన్న ఎత్తున చేయవచ్చు. కథ చెప్పే ఒక కుటుంబం దగ్గర నూరేళ్ళనాటి చేర్యాల నకాషీ పటం, అంటే కథను వరుస బొమ్మలుగా వేసిన పొడవాటి గుడ్డ చుట్ట, ఉందనుకుందాం. వాళ్ళు అమ్మదలచుకున్నారు. ఎలా మొదలుపెట్టాలి?

1. ముందు మ్యూజియాన్ని అడగండి

చందా పుస్తకం అచ్చు వేయించడానికి ముందే ఈ పని జరగాలి. వాళ్ళకు ఆ వస్తువు కావాలా? పెట్టడానికి చోటుందా? చూసుకునే మనిషి ఉన్నారా? జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. అలాగే మ్యూజియంలో ఇప్పటికే ఉన్నవాటిలో ఏవి సొంతం, ఏవి అరువు తెచ్చినవి అని కూడా అడగండి. హోల్బైన్ గీసిన డెన్మార్క్ రాకుమారి క్రిస్టినా చిత్రం దాదాపు ముప్పై ఏళ్ళు నేషనల్ గ్యాలరీ గోడ మీద వేలాడింది. అది తమదేనని జనం అనుకున్నారు. 1909లో యజమాని దాన్ని అమ్మేశాడు.

2. కాగితాలు చూడండి

మన దేశంలో 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కళాఖండాన్ని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపకూడదు. కొన్ని రకాల వస్తువులకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇది ఉందో లేదో తెలుసుకోండి. వారసులందరి సంతకాలు తీసుకోండి. ధర విషయంలో అమ్మేవారితో గానీ కొనేవారితో గానీ సంబంధం లేని ఇద్దరు నిపుణుల అంచనా అడగండి.

అప్పుల సంగతి కూడా చూడాలి. ఇంగ్లండులోని వెడ్జ్‌వుడ్ పింగాణీ కంపెనీ దివాలా తీసినప్పుడు, ఉద్యోగుల పింఛను బాకీ వెళ్ళి వేరే ట్రస్టు కింద ఉన్న మ్యూజియం మెడకు చుట్టుకుంది. ఆ సేకరణ ముక్కలు కాకుండా నిలబెట్టడానికి 2014లో 1 కోటి 57 లక్షల పౌండ్లకు పైగా కావలసి వచ్చింది.

3. గడువు సంపాదించండి

బ్రిటన్‌లో ముఖ్యమైన కళాఖండం దేశం దాటబోతే ప్రభుత్వం ఎగుమతి అనుమతిని కొన్ని నెలలు ఆపుతుంది. ఆలోగా దేశంలోని మ్యూజియంలు డబ్బు కూర్చుకోవచ్చు. ఊళ్ళో జరిగే అమ్మకానికి అలాంటి ఆసరా లేదు కాబట్టి, ఆరు నెలలో ఏడాదో మరొకరికి అమ్మబోమని యజమానితో ఒప్పందం రాయించుకోండి. యజమాని అమ్మేసిన ఆ క్రిస్టినా చిత్రాన్ని గ్యాలరీకి దక్కించుకోవడానికి 72,000 పౌండ్లు కావలసి ఉండగా, గడువు ముగిసిపోతుందనగా పేరు చెప్పని ఒక మహిళ 40,000 ఇచ్చి కాపాడింది. అలాంటి దాతను నమ్ముకుని కూర్చోవద్దు.

4. లెక్క వేయండి

ఎక్కువ ప్రయత్నాలు పొరపడేది ఇక్కడే. కొనుగోలు ధరను మాత్రమే లక్ష్యంగా పెట్టుకుంటారు. ఇంగ్లండు సినిమా దర్శకుడు డెరెక్ జార్మన్ ఇల్లు ప్రాస్పెక్ట్ కాటేజ్ కోసం 2020లో ఆర్ట్ ఫండ్ 35 లక్షల పౌండ్లు అడిగినప్పుడు, ఆ ఇంటినీ తోటనూ ముందుముందు చూసుకునే ఖర్చు కూడా అందులోనే ఉంది. 8,000 మందికి పైగా ఇచ్చారు.

నకాషీ పటం గుడ్డ మీద చింతగింజల జిగురు, సుద్ద మట్టి పట్టించి వేసేది. జిగురుంటే పురుగు వస్తుంది. తేమ తగలని పెట్టె, మసక వెలుతురు కావాలి. గుడ్డ మీదా కాగితం మీదా పడే వెలుతురు 50 లక్సులకు (లక్సు వెలుతురును కొలిచే ప్రమాణం) మించకూడదంటారు నిపుణులు. బీమా ఉండాలి. ఇంకొక పద్దు కూడా కలపమని నా విన్నపం. పటం ఇచ్చేసిన కుటుంబం రేపు కథ దేనితో చెబుతుంది? చేర్యాల చిత్రకారులతో వాళ్ళకు కొత్త పటం వేయించే ఖర్చు కూడా రాసుకోండి.

5. బొమ్మను చూపించి అడగండి

కరపత్రం చూసి ఇచ్చేవారు తక్కువ, వస్తువు ఎదుట నిలబడి ఇచ్చేవారు ఎక్కువ. ఒక్క సాయంత్రం పటం విప్పి, ఆ కుటుంబం చేతే కథ చెప్పించండి. పది రూపాయలు కూడా తీసుకోండి, రసీదు ఇవ్వండి. అయితే ఆ సాయంత్రానికి ముందే పెద్ద దాతలు ఒకరిద్దరి మాట తీసుకుని ఉండాలి. 2013 కంపెనీల చట్టం ప్రకారం సామాజిక బాధ్యత కింద కంపెనీలు వెచ్చించే డబ్బు కళలకూ వారసత్వానికీ రావచ్చు.

మీ ఒక్క మ్యూజియం వల్ల కాకపోతే మరొకదాన్ని కలుపుకోండి. రేనాల్డ్స్ గీసిన మాయి అనే యువకుడి చిత్రాన్ని 2023లో లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ, అమెరికాలోని గెట్టీ మ్యూజియం కలిసి 5 కోట్ల పౌండ్లకు కొన్నాయి. వంతులవారీగా ప్రదర్శిస్తాయి.

6. డబ్బు దారి శుభ్రంగా ఉంచండి

వేరే బ్యాంకు ఖాతా తెరవండి. ఆదాయపు పన్ను రాయితీ ఇవ్వగల ట్రస్టు ద్వారా వసూలు చేయండి. అమెరికాలోని మనవాళ్ళను అడిగేముందు ఒక్క మాట: భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన పొదుపులోంచి పంపేది విదేశీ విరాళం కాదు, ఆ దేశ పౌరుడైపోయినవారు పంపేది విదేశీ విరాళమే. అది పుచ్చుకోవాలంటే ట్రస్టుకు కేంద్ర హోం శాఖ అనుమతి ఉండాలి. లక్ష్యం చేరకపోతే డబ్బు తిరిగి ఇస్తారో, మరొకదానికి వాడతారో మొదటి రోజే రసీదు మీద ముద్రించండి.

7. అప్పగించేటప్పుడు షరతులు రాయండి

నిజాం నగలను కేంద్ర ప్రభుత్వం 1995లో సుమారు 218 కోట్ల రూపాయలకు కొంది. అవి దేశంలోనే ఉన్నాయి, క్షేమంగా ఉన్నాయి. కాని ఎక్కువకాలం రిజర్వు బ్యాంకు లాకర్లలోనే గడిపాయి. హైదరాబాదు వాళ్ళు వాటిని సాలార్‌జంగ్ మ్యూజియంలో చూడగలిగింది అరుదుగానే. అందుకే అప్పగింత పత్రంలో రెండు సంగతులు ఉండాలి: పటాన్ని ఏడాదిలో ఎన్ని రోజులు విప్పి చూపిస్తారు, అది ఏ స్థితిలో ఉందో దాతలకు ఎవరు, ఏ నెలలో తెలియజేస్తారు.