అమ్మ లేని అమ్మాయి ఎవరిని చూసి నేర్చుకోవాలి? అలాంటి మనుషులను వెతుక్కోవడం ఎలా?

ఇంట్లో నాన్నో నాయనమ్మో పెంచుతున్న, పదేళ్లు దాటిన అమ్మాయిల కోసం ఇది రాస్తున్నాను. చివర్లో నాన్నలకు కూడా కొంత ఉంది. ముందే ఒక మాట చెప్పాలి. అమ్మ స్థానంలో నిలబడే ఒక్క మనిషి కోసం వెతకొద్దు. దొరికినట్టు అనిపించినా ఆమె మీద మోయలేనంత బరువు పడుతుంది, ఆమె కాస్త దూరం జరిగితే నీకు మళ్లీ అమ్మ పోయినంత బాధ అవుతుంది. ఒక్కో విషయం ఒక్కొక్కరి దగ్గర నేర్చుకో.

1. ఏం కావాలో రాసుకో

"అమ్మ ఉంటే బాగుండు" అనిపించినప్పుడల్లా, సరిగ్గా ఆ సమయానికి ఏం కావాల్సి వచ్చిందో ఒక నోట్‌బుక్‌లో రాయి. స్కూల్ ఫంక్షన్ రోజు చీర కుచ్చిళ్లు పెట్టేవాళ్లు లేరు. టైలర్‌కి కొలతలు ఇస్తుంటే పక్కన ఎవరూ లేరు. స్నేహితురాలు మాట్లాడటం మానేసింది, ఎవరికి చెప్పుకోవాలో తెలియదు. ఇంటర్‌లో ఎంపీసీనా బైపీసీనా తేలలేదు. కొన్నాళ్లకు ఆ పేజీలు తిరగేస్తే, ఇందులో చాలావాటికి మన చుట్టూ ఎవరో ఒకరు ఉన్నారని తెలుస్తుంది. కారణమేమీ లేకుండా అమ్మే కావాలనిపించే రోజులూ ఉంటాయి. వాటికి ఈ నోట్‌బుక్ పనికిరాదు. ఆ రోజు నాన్న పక్కన కూర్చుని ఆ మాట పైకి చెప్పు. ఆయనకూ అలాంటి రోజులు ఉండే ఉంటాయి.

2. ముందు మీ అమ్మను తెలుసుకో

పోయినవాళ్లను అందరూ దేవతల్ని చేసేస్తారు. "మీ అమ్మ బంగారం, ఎవరినీ పల్లెత్తు మాట అనేది కాదు" అంటారు. అది విన్న పిల్ల తనకు వచ్చే కోపాన్ని చూసి తానే భయపడుతుంది, నేను అమ్మలా లేనేమో అని. అందుకే అడిగే తీరు మార్చాలి. అమ్మమ్మను, పిన్నిని, మేనమామను, అమ్మతో కలిసి చదువుకున్నవాళ్లను ఇలా అడుగు: అమ్మకు ఏ సబ్జెక్టు రాదు? దేనికి భయపడేది? ఎవరితో పోట్లాడేది, తర్వాత ఎలా కలిసిపోయేది? ఇంట్లో డబ్బులు ఎక్కడ దాచేది? చేయాలనుకుని చేయలేకపోయిందేంటి? లెక్కలు రాని అమ్మ, బల్లిని చూసి అరిచిన అమ్మ, అలిగి అన్నం తినని అమ్మ బయటికి వస్తుంది. ఆమెను చూసి నేర్చుకోవచ్చు. దేవతకైతే దండం పెట్టుకోవడమే.

వాళ్లను అడిగి ఆ మాటలు ఫోన్‌లో రికార్డ్ చేసుకో. అమ్మమ్మ వయసు పెరుగుతోంది, ఆలస్యం చేయకు. అమ్మ పోయాక అమ్మ తరఫువాళ్లతో రాకపోకలు తగ్గడం మన ఇళ్లల్లో మామూలే, నాన్న మళ్లీ పెళ్లి చేసుకుంటే మరీను. సంక్రాంతికో బతుకమ్మకో ఫోన్ నువ్వే చెయ్యి.

3. చుట్టరికం అడగకు, పని అడుగు

"మిమ్మల్ని ఆదర్శంగా పెట్టుకుంటాను" అంటే ఎవరైనా ఇబ్బంది పడతారు. "అత్తా, ఆదివారం సుల్తాన్ బజార్ వెళ్తే నన్నూ తీసుకెళ్తావా?" అంటే ఎవరూ కాదనరు. చీరకు ఫాల్, పీకో వేయించడానికి ఇచ్చి, మ్యాచింగ్ సెంటర్‌లో జాకెట్ ముక్క వెతుకుతూ, గాజులు బేరమాడుతూ హైదరాబాద్‌లోని ఆ కోఠి రద్దీలో తిరిగే రెండు మూడు గంటల్లో ఎంతో కనిపిస్తుంది. ధర నచ్చకపోతే ఆమె గొడవ పడకుండా ఎలా లేచి వచ్చేస్తుందో చూడు. మీద పడేవాడికి ఎలా జవాబు చెబుతుందో, ఇంటికి ఎంత మిగిల్చి తెస్తుందో చూడు. ఎదురెదురుగా కూర్చుంటే నోరు పెగలని సంగతులు కూడా చేతులు పనిలో ఉన్నప్పుడు వాటంతటవే వస్తాయి.

ఇలాగే మిగతావి. బ్యాంకులో పనిచేసే పక్కింటి ఆంటీ దగ్గర డిపాజిట్ ఫారం నింపడం, ఇంజినీరింగ్ చదివే పైఅంతస్తు అక్క దగ్గర కోర్సుల సంగతి, ఇంట్లో పనికి వచ్చే ఆవిడ దగ్గర జీతం పెంచమని అడగడం ఎలాగో. ఆమెను చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఒంటిచేత్తో సంసారం నడిపే ఆడవాళ్లు ఆ పనిలో ఎందరో ఉన్నారు.

4. నెలసరికి ఒకరిని ముందే అనుకో

మామూలుగా 9 నుంచి 15 ఏళ్ల లోపు మొదలవుతుంది. ఆ రోజు ఎవరికి ఫోన్ చేస్తావో ముందే తేల్చుకో, ఆమెకూ చెప్పి ఉంచు. ప్యాడ్ 4 నుంచి 6 గంటలకోసారి మార్చాలి. మొదటి రెండేళ్లు నెలనెలా సరిగ్గా రాకపోయినా కంగారు పడొద్దు. గంటకో రెండు గంటలకో ప్యాడ్ తడిసిపోతున్నా, ఏడు రోజులు దాటినా, 15 ఏళ్లు నిండినా మొదలవకపోయినా డాక్టర్‌కి చూపించుకోవాలి. చీరల ఫంక్షన్ చేయాలా వద్దా అని పెద్దలు మాట్లాడుకుంటుంటే నీ ఇష్టం నువ్వు చెప్పు.

5. దూరంగా ఉన్నవాళ్ల జీవితాలు చదువు

హైదరాబాద్ చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది, జీవిత చరిత్రలు చదువు. పతకాలతో ఆగకు, వాళ్లకు ఎవరు తోడున్నారో వెతుకు. శాస్త్రవేత్త మేరీ క్యూరీకి పదేళ్లప్పుడు, 1878లో, తల్లి క్షయతో చనిపోయింది. లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పే తండ్రి పెంచాడు. అక్క బ్రోనియా పారిస్‌లో వైద్యం చదువుతుంటే మేరీ ఇళ్లలో పిల్లలకు పాఠాలు చెప్పి ఖర్చులకు పంపింది. 1891లో తాను చదవడానికి వెళ్లినప్పుడు ఆ అక్క ఇంట్లోనే దిగింది. రెండు నోబెల్ బహుమతుల వెనక అక్కాచెల్లెళ్ల ఒప్పందం ఉంది. మన తెలంగాణ గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. ఆమెకు ఎవరు తోడున్నారో నువ్వే చదివి తెలుసుకో.

6. ఎవరికి దూరంగా ఉండాలో తెలుసుకో

నీ ముందే "పాపం, తల్లి లేని పిల్ల" అని పదిమందికి చెప్పేవాళ్లు మంచివాళ్లే కావచ్చు. కానీ వాళ్ల దగ్గర నువ్వు ఎదగలేవు. "ఈ సంగతి నాన్నకు చెప్పకు" అనేవాళ్లు, ఒంటరిగా రమ్మనేవాళ్లు, బహుమతులిచ్చి దగ్గరయ్యేవాళ్లు ఆడవాళ్లయినా మగవాళ్లయినా దూరం పెట్టు. ఇబ్బంది ఎదురైతే 1098కి ఫోన్ చెయ్యి, పిల్లల కోసం పెట్టిన ఉచిత నంబరు అది. ఇక సవతి తల్లి. నువ్వు చూసి నేర్చుకునే మనుషుల్లో ఆమె కూడా ఒకరు కావచ్చు, కాకపోవచ్చు. ఆమెను అమ్మా అని పిలవాలని ఎవరూ బలవంతం చేయకూడదు.

నాన్నలకు

జడ వేయడం మీరే నేర్చుకోండి. తొమ్మిదో ఏడు వచ్చేసరికి ప్యాడ్ల ప్యాకెట్ ఇంట్లో, ఒకటి స్కూల్ బ్యాగ్‌లో ఉంచండి, అవి దేనికో మీ నోటితోనే చెప్పండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయించడం మంచిది, పిల్లల డాక్టర్‌ని అడగండి. అమ్మాయి ఎవరింటికైనా వెళ్తుంటే ముందు మీరు వెళ్లి ఆ ఇంటివాళ్లతో మాట్లాడి రండి. మీ అత్తగారింటితో మాటపట్టింపులుంటే వాటిని పిల్ల మీదికి రానివ్వకండి. వేసవి సెలవుల్లో అక్కడికి పంపండి. పిన్నికో మేనత్తకో "నెలకో ఆదివారం దీన్ని మీతో బయటికి తీసుకెళ్లండి" అని మీరే చెప్పండి. అమ్మాయి నోరు తెరిచి అడిగేదాకా ఆగొద్దు, చాలామంది అడగరు.