కండక్టర్ పాఠాలు – 6: రిహార్సల్ టైంను పంచుకోవడం

వాద్యబృందాన్నో గాయకబృందాన్నో చేతి సైగలతో నడిపించే కండక్టర్ కోసం ఈ పాఠాలు. గత పాఠంలో స్కోరు (అందరి స్వరాలూ ఒకేచోట రాసిన పుస్తకం) మీద పెన్సిల్ గుర్తులు పెట్టుకోవడం చూశాం. ఈసారి రిహార్సల్ ప్లాన్. ఫ్రీలాన్స్ కండక్టర్‌కు అన్నం పెట్టేది నిజానికి ఇదే. జనం చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్లిపోతారు. మిమ్మల్ని మళ్లీ పిలవాలా వద్దా అన్న చోట వాద్యకారుల మాటకు చాలా విలువ ఉంటుంది. ఈయన మా టైం వేస్ట్ చేశాడా లేదా అన్నది వాళ్లు తప్పకుండా గమనిస్తారు.

జీతం మీద పనిచేసే కండక్టర్ ఈ వారం కుదరనిది వచ్చే నెల సరిచేసుకోగలడు. ఫ్రీలాన్సర్‌కు ఊరు కొత్త, ముఖాలు కొత్త, దొరికేది కొద్దిపాటి రిహార్సళ్లు. ఒక్కోటి మామూలుగా రెండున్నర, మూడు గంటలు, మధ్యలో టీ విరామం. టైం అయిపోయాక ఇంకో నాలుగు బార్లే (స్వరలిపిలో నిలువు గీతల మధ్య గడులు) అని బతిమాలితే నిర్వాహకులకు ఓవర్‌టైం భారం. పారితోషికం సాధారణంగా కచేరీకి ఇంత అని ఉంటుంది. ఇంట్లో స్కోరు చదివిన రాత్రులకు విడిగా పైసా రాదు.

అసలు పనికి వద్దాం. ఏ భాగానికి ఎవరు కావాలో ముందు చూసుకోండి. బీథోవెన్ 5వ సింఫనీలో (నాలుగు భాగాల పెద్ద వాద్యబృంద రచన) మూడు ట్రాంబోన్లు, పికలో, కాంట్రాబసూన్ అనే ఊదే వాద్యాలు నాలుగో భాగంలో తప్ప ఎక్కడా మోగవు. మొదటి భాగంతో మొదలుపెట్టారా, ఆ ఐదుగురూ చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. కాబట్టి నాలుగో భాగమే ముందు పట్టండి. మూడో భాగం ఆగకుండా అందులోకి వెళ్తుంది, అందుకే మూడో భాగం చివరి పేజీల నుంచి ఎత్తుకుంటే ఆ మలుపు కూడా తేలిపోతుంది. తర్వాత ఆ ఐదుగురినీ పంపించి మొదటికి రండి.

కడపలో సింఫనీ ఎక్కడుంది అంటారా? క్రిస్మస్ కోయిర్ ఉంది కదా. కీబోర్డు అబ్బాయి ప్రొద్దుటూరు నుంచి వచ్చి, రాత్రి బస్సుకు తిరిగి వెళ్లాలనుకోండి. అతను కావలసిన పాటలు ముందు, గొంతులతోనే పాడేవి తర్వాత. ప్యాడ్లు వాయించే అతనికి అదే రోజు పెళ్లి ప్రోగ్రాం ఉంటే లెక్క ఇంకాస్త చిక్కుపడుతుంది. పడనివ్వండి, నేర్చుకునేది అక్కడే.

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో బీథోవెన్‌కే తెలుసు. 1808 డిసెంబరు 22న వియన్నాలో ఆ 5వ సింఫనీ మొదటిసారి వినిపించిన కచేరీ నాలుగు గంటలు సాగింది. హాలులో చలి. రిహార్సల్ చాలలేదు. అదే కచేరీలో ఆయన మరో రచన కోరల్ ఫాంటసీ మధ్యలో చెదిరిపోతే ఆపి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

అమెరికన్ కండక్టర్ బెర్న్‌స్టైన్ రిహార్సల్ లేకుండానే నెగ్గలేదా అని కొందరు అంటారు. నిజమే. 1943 నవంబరు 14న ఆ రోజు నడిపించాల్సిన కండక్టర్ బ్రూనో వాల్టర్‌కు ఫ్లూ వస్తే న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందం ముందు 25 ఏళ్ల ఆ కుర్రాడు నిలబడ్డాడు. కానీ వాద్యకారులు అప్పటికే వాల్టర్ దగ్గర రిహార్సల్ చేసి ఉన్నారు, బెర్న్‌స్టైన్ ఆ బృందానికే సహాయ కండక్టర్. దాన్ని చూసి మనం ధైర్యం తెచ్చుకోకూడదు.

మొదటిసారి ఆపకుండా చివరిదాకా వాయించనివ్వండి. సగం తప్పులు రెండోసారికి వాటంతట అవే పోతాయి. ఆపితే మాత్రం మూడే ముక్కలు: ఎక్కడ, ఎవరు, ఏం కావాలి. “సి అక్షరం, దానికి నాలుగు బార్లు ముందు. రెండో వయొలిన్లు. ఇంకా మెత్తగా.” అంతే. (సి అనేది స్కోరులో చోటు చూపే గుర్తు.) బీథోవెన్ మనసులో ఏముందో ఉపన్యాసం వద్దు. (మైకు దొరికితే వదలని అలవాటు మనకు ఎలాగూ ఉంది.)

ఈ వారం అభ్యాసం. మీ కోయిర్ పాటలు నాలుగు తీసుకుని, సాయంత్రం 6 నుంచి 8 వరకు ప్లాన్ రాయండి. 6:00కు కీబోర్డుతో కష్టమైన పాట, 6:35కు కీబోర్డుతోనే రెండోది, 6:55కు విరామం, 7:05కు గొంతులతో మిగతా రెండూ, 7:50 నుంచి పది నిమిషాలు ఖాళీ. ఆ ఖాళీని ముందే దేనికీ ఇచ్చేయకండి, ఆలస్యంగా వచ్చే టెనార్లు (పై స్థాయి మగ గొంతులు) ఎలాగూ తినేస్తారు. రిహార్సల్ అయ్యాక ప్రతి పాట పక్కనా నిజంగా పట్టిన టైం రాయండి. ఎక్కడ పది నిమిషాలకు మించి తేడా వచ్చిందో ఆ పాట స్కోరు మళ్లీ తెరిచి, ఏ బార్ల దగ్గర ఆగిపోయారో గుర్తు పెట్టుకోండి. వచ్చే పాఠానికి ఆ కాగితం కావాలి.