రక్తం గడ్డకట్టడంలో తేడా ఉంటే కాన్పు నొప్పుల మందుకు ఎలా సిద్ధపడాలి?

ఏళ్ల తరబడి కాన్పుల గదిలో నర్సుగా పనిచేస్తున్నాను. కాన్పు నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మందు, ఎపిడ్యూరల్, వేయడానికి అంతా సిద్ధం చేశాక, "అన్నట్టు, ఈమె రక్తం పలచబడే ఇంజెక్షన్ వాడుతోంది" అంటారు ఇంట్లోవాళ్లు. ఆ మాట అప్పుడా చెప్పేది?

ఏడో నెల దాటగానే కాన్పు డాక్టరుతో పాటు మత్తు డాక్టరును కూడా కలవండి. మన కోనసీమలో తొలి కాన్పుకి అమ్మాయి పుట్టింటికి వస్తుంది, రిపోర్టులేమో అత్తగారింట్లో ఉండిపోతాయి. బట్టల కంటే ముందు ఫైల్ సర్దండి.

ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టించే కణాలు) 70,000 పైన నిలకడగా ఉంటే ఎపిడ్యూరల్ సాధారణంగా కుదురుతుంది. పడిపోతూ ఉంటే నిన్నటి రిపోర్టు పనికిరాదు. రక్తం సరిగా గడ్డకట్టని వాన్ విల్లీబ్రాండ్ జబ్బు ఉంటే చివరి మూడు నెలల్లో రక్తపరీక్ష మళ్లీ చేయించాలి. లంక గ్రామాలవాళ్లు వరదల రోజుల్లో నెలలు నిండకముందే కాకినాడకో రాజమహేంద్రవరానికో చేరిపోవాలి.

ఇక అందరూ తప్పు చేసేది ఇంజెక్షన్ టైము దగ్గర. ఎపిడ్యూరల్ సూది వెళ్లే చోటు ఇరుకు. అక్కడ రక్తం కారితే బయటికి కనిపించదు. గడ్డలా పేరుకుని నరాలను నొక్కితే కాళ్లు శాశ్వతంగా పడిపోవచ్చు. ఇది చాలా అరుదు, కానీ జరిగితే దిద్దుకునే వ్యవధి కొన్ని గంటలే. అందుకే రక్తం పలచబడే ఇంజెక్షన్ ఎనాక్సాపారిన్ తక్కువ డోసు చేసుకుంటే కనీసం 12 గంటలు, ఎక్కువ డోసైతే 24 గంటలు ఆగాకే సూది వేస్తారు.

నొప్పులు మొదలయ్యాయని అనుమానం వస్తే తర్వాతి డోసు చేసుకోకుండా ఆసుపత్రికి ఫోన్ చేయండి. అలాగని "రేపోమాపో నొప్పులొస్తాయి" అనుకుని మీ అంతట మీరు ముందే మానేయకండి. కాలిలోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డ కట్టే ప్రమాదం ఉంది.

ఒకసారి ఒకమ్మాయి తల్లి "పొద్దున్నే చేశామమ్మా" అంది. అయిదింటికా, తొమ్మిదింటికా? ఎవరికీ గుర్తులేదు. మత్తు డాక్టరు సూది వేయలేదు. వేయకపోవడమే సరైనది. ఆ రాత్రంతా ఆ పిల్ల నా చెయ్యి వదల్లేదు. అప్పటినుంచీ అందరికీ ఒకటే చెబుతున్నాను: డోసు, తేదీ, టైము కాగితం మీద రాసి ఇంజెక్షన్ డబ్బా మూతకే అంటించాలి. ఫోన్‌లో పెట్టుకుంటామంటే నేను ఒప్పుకోను. ఆ ఫోన్ భర్త జేబులో ఉంటుంది, ఆయనేమో గది బయట ఉంటాడు.

ఎపిడ్యూరల్ కుదరదంటే భయపడకండి. పీల్చే నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్, రక్తనాళంలోకి ఇచ్చే ఫెంటానిల్ లాంటివి ఉన్నాయి. మీ ఆసుపత్రిలో ఏది ఉందో ముందే అడగండి. నడుముకి వేడినీళ్ల కాపడం, లేచి నడవడం నిజంగా పనిచేస్తాయి. రక్తం ఆగని జబ్బు ఉన్నవాళ్లు కండలోకి చేసే ఇంజెక్షన్ గానీ, నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ గానీ డాక్టరును అడగకుండా తీసుకోకూడదు.

ఎపిడ్యూరల్ మందు వెళ్లడానికి వెన్నులో ఉంచిన సన్న గొట్టం తీసేటప్పుడు కూడా వేసేటప్పటంత జాగ్రత్త కావాలి. తర్వాతి ఇంజెక్షన్ ఎప్పుడో అడిగి అదే కాగితం మీద రాయించుకోండి. గొట్టం తీశాక కాళ్ల తిమ్మిరి తగ్గకపోయినా, తగ్గి మళ్లీ వచ్చినా, నడుంలో కొత్తగా గట్టి నొప్పి పుట్టినా తెల్లారేదాకా ఆగకుండా అప్పుడే నర్సుని పిలవండి.