రూటర్ల మధ్య టైం ఆలస్యంగా కలుస్తుంటే: పై నుంచి కిందికి చూసుకుంటూ రావడం

శ్రీకాకుళంలో ఆఫీసు, టెక్కలిలో గోడౌన్, పలాసలో జీడి ఫ్యాక్టరీ. ఈ మూడు చోట్లా రూటర్లు చూసుకోవడం నా పని. టెక్కలి రూటర్ శ్రీకాకుళం నుంచి, పలాస రూటర్ టెక్కలి నుంచి టైం తీసుకుంటాయి. కరెంటు పోయి వస్తే చాలు, ఫ్యాక్టరీ గుమస్తా ఫోన్ చేస్తారు. "మేడమ్, గేటు కెమెరా టైమూ లారీ పాసు టైమూ కలవట్లేదండీ. రూటర్ ఒకసారి ఆపి ఆన్ చేసేయనా?"

చేయొద్దనే చెబుతాను. బురద కలిసిన నీళ్లు తేరుకోవాలంటే మాటిమాటికీ చెయ్యి పెట్టకూడదు. రూటర్‌ని రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ ఎన్‌టీపీ (నెట్‌వర్క్ మీద గడియారాలను కలిపే పద్ధతి) లెక్క మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ముందుగా ఏది మామూలు ఆలస్యం, ఏది నిజమైన తప్పు అన్నది తేల్చుకోవాలి.

సిస్కో రూటర్‌లో 'షో ఎన్‌టీపీ అసోసియేషన్స్' అని కొట్టండి. అందులో రీచ్, ఆఫ్‌సెట్, డిస్ప్ అనే మూడు కాలమ్‌లు చూస్తే చాలు. రీచ్‌లో, టైం ఇచ్చే సర్వర్‌ని (మా కింది రూటర్లకైతే పై రూటరే) అడిగిన చివరి ఎనిమిది ప్రశ్నలకు జవాబు వచ్చిందా లేదా అన్నది ఆక్టల్ (ఎనిమిది ఆధారంగా లెక్కించే) అంకెలో ఉంటుంది. జవాబులు వరసగా వస్తుంటే అది 1, 3, 7, 17, 37, 77, 177, 377 అని పెరుగుతూ పోతుంది. ఆఫ్‌సెట్ అంటే మన గడియారానికీ సర్వర్ గడియారానికీ ఉన్న తేడా, మిల్లీసెకన్లలో. డిస్ప్ అంటే ఈ టైంని ఎంత నమ్మవచ్చో చెప్పే అంకె, అదీ మిల్లీసెకన్లలోనే; ఎంత తగ్గితే అంత నమ్మకం. మొదట్లో దాదాపు 16,000 ఉంటుంది. జవాబు వచ్చిన కొద్దీ సుమారుగా సగానికి తగ్గుతుంది: 7937, 3937, 1937, 937. అది వెయ్యి చుట్టుపక్కలకి దిగితే గానీ రూటర్ ఆ సర్వర్‌ని ఎంచుకోదు. ప్రశ్నకీ ప్రశ్నకీ మధ్య 64 సెకన్లు. అంటే అన్నీ సవ్యంగా ఉన్నా నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఆ లైను ముందు నక్షత్రం గుర్తు వచ్చిందంటే కలిసినట్టే.

ఇక మా వరసలో లెక్క చూడండి. శ్రీకాకుళం కలిసేదాకా దాని స్ట్రాటమ్ (అసలు గడియారానికి ఎన్ని మెట్లు దూరమో చెప్పే అంకె) 16 అని ఉంటుంది. 16 అంటే 'నా టైం నాకే తెలియదు' అని అర్థం. అలాంటి రూటర్ జవాబు ఇచ్చినా కింది రూటర్ నమ్మదు. శ్రీకాకుళం కలిశాక టెక్కలి లెక్క మొదలవుతుంది, టెక్కలి కలిశాక పలాస లెక్క మొదలవుతుంది. పలాసలో పావుగంట గడిచినా కలవలేదని టెన్షన్ పడి పలాస రూటర్‌నే కెలుకుతూ కూర్చుంటే ఉపయోగం లేదు. ఎప్పుడైనా అన్నిటికంటే పై రూటర్‌తో మొదలుపెట్టండి. అక్కడ 'షో ఎన్‌టీపీ స్టేటస్' కొట్టి, సింక్రనైజ్డ్ అని వచ్చాకే కిందికి దిగండి.

పై రూటర్‌కి టైం ఎక్కడి నుంచి వస్తోందన్నది ఇంకా ముఖ్యం. మన దేశంలో ప్రామాణిక కాలాన్ని నిలబెట్టేది ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ (ఎన్‌పీఎల్). సంస్థలు తమ సిస్టమ్‌ల గడియారాలను ఎన్‌ఐసీ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ విభాగం) లేదా ఎన్‌పీఎల్ సర్వర్లతో గానీ, వాటితో ముడిపడిన సర్వర్లతో గానీ కలపాలని కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది కూడా. ఒక్క సర్వర్ మీదే ఆధారపడొద్దు. రెండు పెడితే, ఆ రెండూ పొంతన లేని టైం చెప్పినప్పుడు ఏది నిజమో రూటర్ తేల్చుకోలేదు. మూడు, వీలైతే నాలుగు ఉండాలి.

రీచ్ సున్నా దగ్గరే ఆగిపోతే అది ఆలస్యం లెక్కలోకి రాదు, దారి మూసుకుపోయినట్టు. ఎన్‌టీపీ యూడీపీ 123 పోర్టు మీద నడుస్తుంది. ఫైర్‌వాల్‌లో, యాక్సెస్ లిస్టులో ఆ పోర్టు తెరిచి ఉందో లేదో చూడండి. 'ఎన్‌టీపీ సోర్స్ లూప్‌బ్యాక్' అని పెట్టి ఉంటే (లూప్‌బ్యాక్ అంటే ఏ వైరుతోనూ ముడిపడని, రూటర్ లోపలి అడ్రస్), ఆ లూప్‌బ్యాక్ అడ్రస్‌కి తిరుగుదారి పై రూటర్‌కి తెలియాలి. పింగ్ వెళ్తోంది కదా అని వదిలేయకండి. మామూలు పింగ్ వేరే అడ్రస్ నుంచి బయల్దేరుతుంది, కాబట్టి లూప్‌బ్యాక్‌ని సోర్స్‌గా ఇచ్చి పింగ్ చేయాలి. 'ఎన్‌టీపీ యాక్సెస్-గ్రూప్' (ఎవరితో టైం పంచుకోవాలో చెప్పే లిస్టు) వాడుతూ అదే రూటర్‌ని మాస్టర్‌గా, అంటే తన సొంత గడియారం నుంచే టైం ఇచ్చేదిగా పెట్టినవాళ్లు ఆ లిస్టులో 127.127.1.1కి అనుమతి ఇచ్చారో లేదో చూసుకోవాలి. అది రూటర్ సొంత గడియారం అడ్రస్. పాత ఐఓఎస్ (సిస్కో రూటర్ సాఫ్ట్‌వేర్) అయితే 127.127.7.1. ఆథెంటికేషన్ (రహస్య కీతో సర్వర్‌ని నిర్ధారించుకోవడం) ఉంటే కీ నంబరు, కీ, ట్రస్టెడ్-కీ మూడూ సరిపోవాలి.

రీచ్ 377కి చేరినా నక్షత్రం రాకపోతే ఆఫ్‌సెట్ చూడండి. అక్కడ దాదాపు 1,98,00,000 కనిపిస్తే అనుమానమే అక్కర్లేదు. 19,800 సెకన్లంటే సరిగ్గా ఐదున్నర గంటలు. టైంజోన్ పెట్టకుండానే మన టైంని 'క్లాక్ సెట్'తో కొట్టేశారన్నమాట. ఎన్‌టీపీకి తెలిసింది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ఒక్కటే. ముందు 'క్లాక్ టైంజోన్ ఐఎస్‌టీ 5 30', తర్వాతే 'క్లాక్ సెట్'.

చిన్న రూటర్లలో చాలావాటికి బ్యాటరీతో నడిచే గడియారం ఉండదు. కరెంటు పోయి వస్తే ఏదో పాత తేదీతో లేస్తాయి. అప్పుడు చేత్తో టైంని దగ్గరగా పెట్టి ఎన్‌టీపీకి వదిలేయడం మేలు. లినక్స్ సర్వర్‌లో ఎన్‌టీపీడీ అనే ఎన్‌టీపీ ప్రోగ్రామ్ నడుపుతుంటే ఇది మరీ అవసరం. తేడా 1000 సెకన్లు దాటితే అది మామూలుగా పని ఆపేసి తప్పుకుంటుంది. తేడా 128 మిల్లీసెకన్లు దాటితే ఒక్క దూకులో సరిచేస్తుంది, అంతకు లోపలైతే మెల్లమెల్లగా జరుపుతుంది. ఆ జరపడం ఎంత వేగంగా చేసినా సెకనుకి అర మిల్లీసెకను మించదు. 100 మిల్లీసెకన్ల తేడా పోవాలంటే కనీసం 200 సెకన్లు, నిజానికి ఇంకా ఎక్కువే పడుతుంది. ఆఫ్‌సెట్ తగ్గుతూ ఉన్నంతసేపూ దాన్ని వదిలేయండి.

పాత సిస్కో రూటర్లు మార్చేవాళ్లకి ఇది తప్పకుండా చెప్పాలి. కాన్ఫిగ్‌లో 'ఎన్‌టీపీ క్లాక్-పీరియడ్' అని ఒక లైను ఉంటుంది. దాన్ని మనం రాయం, ఆ రూటర్ గడియారం ఎంత వేగంగానో నెమ్మదిగానో నడుస్తోందో కనిపెట్టి రూటరే రాసుకుంటుంది. పిడుగుపాటుకి రూటర్ పోతే, పాత కాన్ఫిగ్ యథాతథంగా తెచ్చి కొత్తదాంట్లో వేస్తాం కదా, ఈ లైను కూడా దాంతోపాటు వచ్చేస్తుంది. ఒక గడియారానికి పనికొచ్చే దిద్దుబాటు ఇంకో గడియారానికి తప్పు. కొత్త రూటర్ కుదురుకోవడానికి చాలాసేపు తంటాలు పడుతుంది. కాన్ఫిగ్ వేసేముందే ఆ లైను తీసేయండి, తర్వాత రూటర్ తన లెక్క తానే రాసుకుంటుంది.

రెండు రూటర్లలోనూ 'ఎన్‌టీపీ మాస్టర్' పెట్టినా ఇదే గొడవ. డిఫాల్ట్‌గా రెండిటికీ స్ట్రాటమ్ 8 వస్తుంది, ఎవరి గడియారం వాళ్లకే మేలనిపిస్తుంది, ఒకటి ఇంకోదాని మాట వినదు. మాస్టర్ ఒక్కచోటే ఉండాలి. రెండోది అత్యవసరానికి కావాలనుకుంటే దానికి 10 లాంటి పెద్ద అంకె ఇవ్వండి.

సాయంత్రం పూట మాత్రమే ఆఫ్‌సెట్ ఊగుతుంటే లింకు మీద రద్దీ ఉందో లేదో చూడండి. మా దగ్గర కెమెరా రికార్డింగులు ఆ వేళలోనే పైకి వెళ్తాయి. ప్యాకెట్ వెళ్లడానికి పట్టే సమయం, రావడానికి పట్టే సమయం సమానమని ఎన్‌టీపీ అనుకుంటుంది. ఒకవైపు మాత్రమే ఆలస్యమైతే ఆ తేడాలో సగం టైంలో తప్పుగా చేరుతుంది. అప్‌లోడ్‌ని రాత్రికి మార్చడమో, యూడీపీ 123కి ప్రాధాన్యం ఇవ్వడమో చేయాలి.

ఇవన్నీ సరిగ్గానే ఉండి, మొదటి నాలుగైదు నిమిషాలే తగ్గించాలంటే సర్వర్ లైను చివర 'ఐబరస్ట్' చేర్చండి. మొదటిసారి ఒక్క ప్రశ్నకి బదులు రెండేసి సెకన్ల తేడాతో ఎనిమిది దాకా పంపుతుంది. కలవడం అర నిమిషం లోపలికి వచ్చేస్తుంది. మీ ఐఓఎస్‌లో ఆ మాట ఉందో లేదో ప్రశ్నార్థకం కొట్టి చూసుకోండి. 'బరస్ట్' అని ఇంకోటి ఉంటుంది. అది ప్రతిసారీ అలా గుంపుగా పంపుతుంది, అందరూ వాడుకునే సర్వర్ల మీదికి దాన్ని వదలకూడదు.

జీఎన్‌ఎస్3 (ల్యాప్‌టాప్‌లోనే రూటర్లు నడిపే సాఫ్ట్‌వేర్)లో ప్రాక్టీసు చేసే విజయనగరం, రాజాం పిల్లలకి ఒక మాట. ల్యాప్‌టాప్ మీద నడిచే వర్చువల్ రూటర్ గడియారం నిలకడగా ఉండదు. అక్కడ ఇరవై నిమిషాలు పట్టినా మీ కాన్ఫిగ్ తప్పని అనుకోకండి, రీచ్ పెరుగుతోందా లేదా అన్నదే చూడండి.

నక్షత్రం వచ్చాక 'షో క్లాక్ డీటెయిల్'లో టైం సోర్స్ ఎన్‌టీపీ అని ఉందో లేదో చూడండి. లాగ్ లైన్లలో టైం ముందు నక్షత్రం ఉంటే ఆ టైం ఇంకా నమ్మదగింది కాదు, చుక్క ఉంటే రూటర్ అప్పటికి ఎన్‌టీపీతో కలిసి లేదు. ఇక్కడ నక్షత్రం ఉండకూడదు, అసోసియేషన్స్‌లో ఉండాలి. బ్యాటరీ గడియారం ఉన్న రూటర్ అయితే 'ఎన్‌టీపీ అప్‌డేట్-క్యాలెండర్' పెట్టి, కాన్ఫిగ్ సేవ్ చేసి, ఆ తర్వాతే గేటు కెమెరాల టైంని ఆ రూటర్‌కి కలపండి.